కుర్చీలకు వీపు పెట్టి కథ చెప్పిన సువార్తమ్మ

సువార్తమ్మగారు కన్నుమూశారన్న వార్త బందరులో మా బడికి చేరేసరికి నేను తరగతిలో పద్యం చెబుతున్నాను. వాళ్ళ తమ్ముడు యేసుదాసు నాగాయలంక నుంచి మొదటి బస్సెక్కి వచ్చి వరండాలో నిలబడి, "అక్క వెళ్ళిపోయిందండీ టీచరుగారూ" అన్నాడు. ఏ ఊరు వెళ్ళింది అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆమె ఎప్పుడూ ఏదో ఒక ఊరికి కథ చెప్పడానికి వెళ్తూనే ఉండేది గనుక నా మనసుకు ఇంకో అర్థం తోచలేదు. అతను కండువాతో కళ్ళు ఒత్తుకున్నాక గాని నాకు బోధపడలేదు. మొన్న మొన్ననే మోపిదేవిలో అంత జనం ముందు గొంతెత్తి కథ చెప్పిన మనిషి, జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదంటే ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు.

ఆమెను విన్నవారికి ఆమె ఎవరో నేను చెప్పనక్కరలేదు. విననివారి కోసం చెబుతున్నాను. దాసరి సువార్తమ్మ దివిసీమ కన్న బుర్రకథ కళాకారిణి. బుర్రకథలో తంబురా భుజాన వేసుకుని మధ్యలో నిలబడి కథ నడిపేవారు ఒకరు. కుడి పక్కన నిలబడినవారు ఆ కథను లోకం సంగతులతో ముడిపెడుతూ ప్రశ్నలు వేస్తారు. ఎడమ పక్కన నిలబడినవారు నవ్విస్తారు. మా దళంలో కుడి పక్క నేను, ఎడమ పక్క రంగమ్మ, మధ్యలో సువార్తమ్మగారు. మనిషి నల్లగా, పొడుగ్గా, నిటారుగా ఉండేది. గంభీరమైన కంఠం. ఆ కంఠానికి మైకు అలంకారమే గాని అవసరం కాదు.

ఆమె తండ్రి నాగాయలంక దగ్గర పల్లెలో ఉపదేశిగా ఉండి ప్రార్థనలు చేయించేవారు. పాట ఆమెకు ఆ ప్రార్థన మందిరంలోనే అబ్బింది. పెళ్ళయిన కొద్దికాలానికే చేపల వేటకు వెళ్ళిన భర్తను సముద్రం తీసుకుపోయింది. ఆ దుఃఖంలో ఇంటి గడప దాటని మనిషిని బంధువులెవరో అవనిగడ్డ తీసుకెళ్తే, అక్కడ మొదటిసారి బుర్రకథ విన్నది. ఇంటికొచ్చి, నేర్చుకుంటానని తండ్రితో చెప్పింది.

"మన పాటలుండగా ఆ గంతులెందుకమ్మా?" అన్నారట ఆయన.

"మన పాటలు మనవాళ్ళే వింటారు నాన్నా. అందరూ కూర్చుని వినేది ఒకటి నేర్చుకోనీ."

ఆ తరవాత ఆమె మొదటి కథ ఊళ్ళోనే చెబితే, తండ్రి వచ్చి చాపమీద కూర్చుని చివరిదాకా విన్నారు. మళ్ళీ ఎన్నడూ వద్దనలేదు.

నేను ఆ దళంలో చేరిన వైనం కూడా చెప్పాలి. మాది గుమాస్తాల ఇల్లు. నాన్నగారు కోర్టులో పనిచేసేవారు. మా బడి వార్షికోత్సవంలో నేను పద్యం చదవగా విని సువార్తమ్మగారు మర్నాడే మా ఇంటికి వచ్చేసింది. "మీ నోరు బాగుందండీ టీచరుగారూ, నా పక్కన నిలబడతారా?" అంది. గజ్జెకట్టి వీధిలో నిలబడడమా అని నాన్నగారు మొహం తిప్పుకున్నారు. ఆమె ఆయనతో వాదించలేదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళి మా అమ్మ పక్కన కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఏదో కథ అందుకుంది. కాయలయ్యేసరికి కథ సగంలో ఉంది. అమ్మ లోపలికెళ్ళి, ఆ పూటకు అక్కర్లేని వంకాయలు కూడా తెచ్చి ముందు పెట్టింది. కథ పూర్తయ్యాక, "పంపిస్తాను గాని, ఆదివారాలే" అంది.

"ఆదివారం నాకు గుడి ఉంటుందండీ అమ్మగారూ. శనివారం పంపించండి" అంది సువార్తమ్మగారు.

నాన్నగారు కూడా నవ్వేశారు. అలా నా జీవితం మారిపోయింది.

కథ చెప్పేటప్పుడు ఆమె ఔదార్యం ఎటువంటిదో ఒక్క ముచ్చట చెబుతాను. ఏదో పల్లెలో మాంచి ఘట్టం నడుస్తుండగా చంటిపిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు. జనం విసుక్కున్నారు. తల్లి సిగ్గుపడి లేచి వెళ్ళిపోబోయింది. సువార్తమ్మగారు తంబురా ఆపేసి, "కూర్చోమ్మా, ఎక్కడికి? వాడి పాట అయిపోనీ, ఆ తరవాత నేను మొదలెడతాను" అంది. కథలో యుద్ధరంగాన కత్తి ఎత్తిన వీరుడు ఎత్తింది ఎత్తినట్టే ఆగాడు. పిల్లవాడు పాలు తాగి నిద్రపోయాకే ఆ కత్తి దిగింది. మేము దిగి వస్తుంటే ఆ తల్లి ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

కాని కాలం మారింది. ఊరూరా సినిమా హాళ్ళు లేచాయి. మమ్మల్ని పిలిచేవారు క్రమంగా తగ్గిపోయారు. రంగమ్మ ఊడ్పులకూ కోతలకూ వెళ్ళసాగింది. సువార్తమ్మగారికి మిషను ఆసుపత్రిలో ఆయా పని చూశామని చర్చి పెద్దలు కబురు చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గుడివాడలో కథకుల ఉత్సవం పెడుతున్నామనీ, కోస్తా జిల్లాల హరిదాసులూ, బుర్రకథ దళాలూ వస్తున్నారనీ, మమ్మల్ని కూడా రమ్మనీ పిలుపు వచ్చింది.

"అక్కడ కూడా ఎవరూ వినకపోతే తంబురా అటక మీద పెట్టేస్తాను టీచరుగారూ" అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహంలోకి చూడలేదు.

గుడివాడలో దిగాక తెలిసింది, మాకు ఇచ్చిన వేళ మిట్టమధ్యాహ్నమని. పేరున్న దళాలన్నీ సాయంత్రాలకు కుదిరిపోయాయి. ఉత్సవ కార్యదర్శి మర్యాదస్తుడే. "ఆడవాళ్ళు కదమ్మా, పొద్దుండగానే ఇళ్ళకు చేరుకోవచ్చని అలా వేశాం" అన్నారు. ఏ కథ చెబుతారని అడిగారు.

"కరకట్ట కథండీ" అంది సువార్తమ్మగారు.

ఆ కథ ఆమె స్వయంగా కట్టుకున్నది. కృష్ణకు వరద వచ్చిన ఏడు దివిసీమలో ఒక పల్లె దగ్గర కరకట్ట జారడం మొదలైతే, నాంచారమ్మ అనే ఇల్లాలు తన ఇంటి తలుపు ఊడబీకించి గండికి అడ్డంగా మొట్టమొదట వేయించింది. దాన్ని చూసి ఊరంతా తలుపులు పీక్కొచ్చారు. రామాలయం తలుపులూ, ప్రార్థన మందిరం బల్లలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. గడ్డిమోపులూ మట్టీ వాటిమీద పడ్డాయి. ఊరు నిలిచింది. ఇది పురాణం కాదు, మా కళ్ళముందు జరిగిన చరిత్ర.

కార్యదర్శిగారు ఇబ్బందిపడ్డారు. "పురాణం కాకుండా పల్లెటూరి సంగతి చెబితే జనం కూర్చుంటారా అమ్మా?"

"కూర్చోకపోతే నిలబడే వింటారులెండి" అంది రంగమ్మ.

మేము వేదిక ఎక్కేసరికి పందిట్లో కుర్చీలన్నీ ఖాళీ. ముందు వరసలో ఒక పెద్దమనిషి మాత్రం మొహంమీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నారు. ఎండ పెళపెళలాడుతోంది. నాకు ఏడుపొచ్చింది. సువార్తమ్మగారు మాత్రం వెనక కట్టిన తెర పక్కకు తొలగించి అవతలికి చూస్తోంది. అవతల రోడ్డు. రోడ్డు పక్కన బియ్యం మిల్లు గోడ నీడలో మిల్లు ఆడకూలీలు అన్నాలు తింటున్నారు. ధాన్యం బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి. బస్సు కోసం జనం మూటలమీద కూర్చున్నారు.

"రంగీ, ఆ తెర తాళ్ళు విప్పు. టీచరుగారూ, ఇటు తిరగండి."

తెర ఊడి కింద పడింది. మేము ముగ్గురం కుర్చీలకు వీపు పెట్టి రోడ్డుకేసి నిలబడ్డాం. కార్యదర్శిగారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటండీ ఇది సువార్తమ్మగారూ! కుర్చీలన్నీ అటుంటే మీరిటు తిరిగారేంటి?"

"మనుషులు ఇటున్నారు కదండీ" అని ఆమె తంబురా మీటింది.

మొదటి కేక విని అన్నం ముద్ద నోటి దగ్గర ఆపేసింది ఒక మిల్లు కూలీ. ఆ తరవాత బండ్లవాళ్ళు వచ్చారు. కరకట్ట దగ్గర నీళ్ళు ఉబుకుతున్నాయని చెప్పేసరికి బస్సు కోసం కూర్చున్నవాళ్ళు మూటలతో సహా దగ్గరకు జరిగారు. నాంచారమ్మ తన తలుపు పీకించే ఘట్టంలో, "పీకండ్రా!" అని సువార్తమ్మగారు అరిస్తే, ఎవరో బండి తోలే ఆయన ఉండబట్టలేక, "మేం కూడా పట్టుకుంటాం పదండమ్మా!" అని తిరిగి అరిచాడు. తందాన తానా అంటూ మేమిద్దరం వంత పాడాల్సిన చోట రోడ్డంతా పాడింది. మిల్లు కూత వేసింది. ఒక్కరూ కదల్లేదు. చివరికి మిల్లు మేస్త్రి పిలవడానికి వచ్చి, ఆయన కూడా గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పందిట్లో తువ్వాలు కప్పుకున్న పెద్దమనిషి లేచి, తన కుర్చీ తానే మోసుకుని, వేదిక చుట్టూ తిరిగి రోడ్డుమీదకు వచ్చి వేసుకున్నారు.

ఆ సాయంత్రం కార్యదర్శిగారు మా బసకు వచ్చారు. మర్నాడు సాయంత్రం వేళ మీకే ఇస్తున్నాం, ఒక కుర్రాళ్ళ దళాన్ని మధ్యాహ్నానికి మారుస్తాం అన్నారు. నా గుండె ఉప్పొంగింది. సువార్తమ్మగారు తల అడ్డంగా ఊపింది.

"ఆ పిల్లల వేళ నాకొద్దండీ. నాకు మధ్యాహ్నమే బాగుంది. కాకపోతే పందిరి రోడ్డువైపు తిప్పి వేయించండి."

తిప్పి వేయించారు. మర్నాడు చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. అయితే తీరా వేళయ్యేసరికి రంగమ్మ గొంతు పూర్తిగా పోయింది. ఎడమ పక్క ఎవరూ లేకుండా బుర్రకథ ఎలా? మేము దిక్కుతోచక నిలబడితే, ఆ ఉత్సవానికే శిరోభూషణమైన వృద్ధ హరిదాసుగారు, జరీ పంచెతో, మెడలో పూలదండతో వేదిక ఎక్కి వచ్చారు.

"తల్లీ, నీ ఎడమ పక్క ఖాళీగా ఉందట. నేను నిలబడనా?"

సువార్తమ్మగారు నిర్ఘాంతపోయింది. "మీరా తాతగారూ! నాకు వంత పాడతారా?"

"నిన్న నీ కథ విన్నాను. తాన అనడానికి నోరుంటే చాలు కదా" అన్నారాయన.

ఆయన రంగమ్మ వాయించే గుమ్మెట డోలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. అడుగడుగునా తాళం తప్పారు. హాస్యం చెప్పాల్సిన చోట ఆయన నోట సంస్కృత శ్లోకం వచ్చింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ళకంటే ఎక్కువగా ఆయనే నవ్వారు. మహావిద్వాంసుడు దివిసీమ పల్లెపిల్లకు వంత పాడిన ఆ దృశ్యాన్ని మించిన సత్కారం నేను చూడలేదు.

ఆ రోజు ఆమె నాంచారమ్మను కూడా పిలిపించింది. కథ ముగిశాక చేయి పట్టుకుని వేదిక ఎక్కించి, "ఈవిడేనండీ" అంది. చప్పట్లతో పందిరి దద్దరిల్లింది. నాంచారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నేనంత మాట్లాడలేదమ్మా, తలుపు పీకండ్రా అన్నానంతే" అంది. "ఆ ఒక్క మాటే కదమ్మా కథంతా" అని సువార్తమ్మగారు వంగి ఆమె పాదాలు ముట్టుకుంది.

ఆ పైన ఆసుపత్రి పని మాట మళ్ళీ రాలేదు. మాకు పిలుపులే పిలుపులు. కలువపూడి, కోడూరు, ఘంటసాల, కైకలూరు, ఏ ఊరు వెళ్ళినా ఒకరిద్దరు ఆడపిల్లలు ఆమె దగ్గర నేర్చుకుంటామని వచ్చేవారు. కులం అడగలేదు, మతం అడగలేదు. "కేక వెయ్యి, విందాం" అనేది. సిగ్గుపడి చిన్నగా అరిస్తే, "నీ మొగుడికి కాదమ్మా, నాగాయలంక రేవులో పడవకు వినబడాలి" అనేది. ఈనాడు కృష్ణా జిల్లాలో గజ్జెకట్టి నిలబడిన ఆడపిల్లల దళాలన్నీ ఆమె గొంతులోంచి పుట్టినవే.

నాగాయలంకలో ఆమె భూస్థాపనకు నేను వెళ్ళాను. ఆ జనసందోహాన్ని వర్ణించడానికి నాకు మాటలు చాలవు. పడవల్లో వచ్చారు, బస్సులమీద వచ్చారు, చేలగట్ల వెంట నడిచి వచ్చారు. శిష్యురాళ్ళు గజ్జెలతోనే వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను వెనక్కి జరిగాను. అప్పుడు రంగమ్మ సమాధి దగ్గరకు జరిగి, తల వంచి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టుగా అంది:

"అక్కా, జనం బాగా వచ్చారే!"

ముందు ఎవరో ఒకరు నవ్వారు. ఆ తరవాత అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ పాస్టరుగారు కూడా నవ్వారు. అంత్యక్రియలనాడు కూడా అన్ని వేలమందిని ఒక్కసారి ఏడిపించి, ఒక్కసారి నవ్వించగలిగిన కళాకారిణి మళ్ళీ పుడుతుందని నేను అనుకోను. నాకూ రంగమ్మకూ మధ్య ఆమె నిలిచిన ఆ చోటులో ఇంకొకరు నిలబడతారేమో గాని, దాన్ని నింపలేరు. ఆ మహనీయురాలి పక్కన నిలబడి తాన అనగలిగిన భాగ్యం నాది. ఇంతకంటే పెద్ద బిరుదు నాకు అక్కర్లేదు.