మార్తమ్మగారి చంద్రుడి పాఠం

అది 1889. పెనుగొండలో వర్తకుల వీధి చివర ఒక పెంకుటింట్లో ఆడపిల్లల బడి నడిచేది. మార్తమ్మగారు అక్కడ పంతులమ్మ. లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి, వయసు ఇరవై ఒకటి. ఇంట్లోనే నాన్నగారి దగ్గర అక్షరాలు నేర్చుకున్న నేను ఆమెకు అసిస్టెంటుని, అంటే చిన్నపిల్లల చేత ఓనమాలు దిద్దించేదాన్ని. గోదావరి పాయలన్నీ నేల మీద బియ్యప్పిండితో ముగ్గులా వేసి భూగోళం చెప్పే మనిషి పక్కన పని దొరకడం అమ్మవారి దయే అనుకుంటాను.

ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఒక్కొక్క పిల్ల చేత రీడరు, అంటే వాచకం, చదివించి పాసో ఫెయిలో తేల్చేవారు. ఆ ఏడు మూడో స్టాండర్డులో కనకం అని పదకొండేళ్ల పిల్ల ఉంది. మేనత్త కొడుకుతోనే పెళ్లయింది. ఆ మేనత్తే పరీక్ష చూడటానికి వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఇది తప్పిందా, చదువు మాన్పించేస్తానండి" అని ముందే చెప్పేసింది.

ఇన్‌స్పెక్టరుగారు చంద్రుడి పాఠం తీశారు. కనకం గలగలా చదివింది.

"ఆయన భూమి చుట్టును తిరుగుచుందురు. ఆయనకు స్వయముగా వెలుగు లేదు. మామగారి వెలుగుచే ప్రకాశింతురు."

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎవరమ్మా ఈ ఆయన?"

అరుగు మీద మేనత్త లేచి నిలబడింది. "మా వాడికి వెలుగు లేదని పుస్తకంలో ఎవడు రాశాడండీ?"

మార్తమ్మగారు ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పారు. "పిల్ల పెనిమిటి పేరు చంద్రయ్యండి. మామగారు సూర్యనారాయణగారు. ఆ పేర్లు నోటితో అనకూడదు కదండీ."

"పాఠం చూసి సంబంధం కుదిర్చారా ఏంటమ్మా? ఉన్నది ఉన్నట్టు చదవకపోతే నేను పాస్ రాయలేను."

కనకం కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు పలికితే అత్త ఊరుకోదు. పలకకపోతే పరీక్ష పోతుంది. ఎటైనా చదువు అక్కడితో సరి. నేను మనసులో దండం పెట్టుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మార్తమ్మగారు మాత్రం నవ్వారు. "అడ్డం నోటికేనండి, చేతికి కాదు. డిక్టేషన్ చెప్పి చూడండి."

డిక్టేషన్ అంటే చెప్పింది విని రాయడం. ఆయన అదే పాఠం చెప్పారు. కనకం పలక మీద గుండ్రంగా రాసింది, ఒక్క తప్పు లేకుండా.

"పాస్. పలక తుడువమ్మా, లెక్కలు చూద్దాం."

కనకం పలక వెనక్కి దాచుకుంది. "ఆయన పేరు తుడవకూడదండి!"

"నూరేళ్లు బతకాల్సిన నా కొడుకుని తుడిచేస్తారా!" అంటూ మేనత్త లోపలికొచ్చి పలక లాక్కుంది. "ఏడీ, ఎక్కడున్నాడు వీడు?"

మార్తమ్మగారు చెరిగిపోకుండా వేలితో చూపించారు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. "ఇంత పొట్టిగా ఉన్నాడేంటండీ?"

ఇన్‌స్పెక్టరుగారు నవ్వాపుకుంటూ లెక్కలు నోటితోనే అడిగారు. మేనత్త ఆ పలక పట్టుకుని గుమ్మం దాటుతూ, "రేపు కూడా పంపుతానండి. నా పేరు ఎంత పొడుగో అది కూడా నేర్పండి" అంది.

మరుసటి వానాకాలం జ్వరంతో మార్తమ్మగారు, వాళ్ల మాటలో, ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఆమె తరగతి నా చేతికి వచ్చింది. మొదటి రోజే ఒక పిల్ల చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "రాదా?" అనబోయి నోరు మూసుకున్నాను. ఆగిన పిల్లకు చదువు రాదనుకోకూడదని ఆవిడ దగ్గరే కదా నేర్చుకున్నాను.

"ఏం అడ్డొచ్చిందమ్మా?" అని అడిగాను.

"పన్ను ఊగుతోందండి" అంది.

ఆవిడ పోయాక ఆ బడిలో మేము నవ్వడం అదే మొదలు.