మొఖేతి కొండెక్కిన సాయంత్రం

మొఖేతికి భయం. దేనికి భయమో చెప్పడం కన్నా దేనికి కాదో చెప్పడం తేలిక. గాడిద తుమ్మినా కంబళి ముసుగు పెట్టేవాడు. అన్నిటికన్నా, ఊరి పైనున్న కొండచరియలోని ఎర్రకుందేళ్లంటే హడలు. ఎవరైనా కదిలిస్తే అవి బండల్లోంచి కీచుమని అరుస్తాయి. ఆ అరుపు వింటే మొఖేతి తన గొర్రెల కన్నా ముందు ఇంటికి చేరేవాడు.

"మా మరిది లెబోనా కుందేలు తెస్తాడు, మా ఆయన వణుకు తెస్తాడు," అనేది అతని భార్య మాపులెంగ్, పొయ్యి మీద జొన్నముద్ద గెలుకుతూ.

"దాని కళ్లు చూశావా నువ్వు? అది నన్ను గుర్తుపట్టింది."

"గుర్తుపడితే? పిల్లనిస్తానందా?"

ఒక సాయంత్రం పొగమంచు కమ్మింది. గొర్రెలు వచ్చాయి, మొఖేతి రాలేదు. అలా ఎన్నడూ జరగలేదు. పైగా లెబోనా వేటకుక్క కట్టు తెంచుకుని కొండెక్కిందని తెలిసింది. ఇంతలో పైనుంచి కీచుమని అరుపు. ఆగి, మళ్లీ.

మాపులెంగ్ కర్ర పట్టుకుని బయల్దేరింది. బండలు తడిసి జారుతున్నాయి. పక్కన లోయ కనబడటం లేదు, ఉందని మాత్రం తెలుసు. ఇన్నాళ్లూ మొగుణ్ణి చూసి నవ్విన నోరు ఎండిపోయింది.

చరియ మలుపులో కనిపించాడు. బండ పగులుకు వీపు ఆనించి, కంబళి అడ్డంగా చాచి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. ఎదురుగా కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది.

"వెళ్లిపో న్తాతే, వెళ్లిపో తండ్రీ," అని ఊరి పెద్దను బతిమాలినట్టు కుక్కను బతిమాలుతున్నాడు. "నువ్వంటే నాకు చాలా భయం. ఇంటికెళ్లు."

పగుల్లోంచి కుందేలు అరిచింది. మొఖేతి అంతకన్నా గట్టిగా అరిచాడు. పక్కకు మాత్రం జరగలేదు.

మాపులెంగ్ కర్ర ఝళిపించేసరికి కుక్క తోక ముడిచి కిందికి పరిగెత్తింది. ఆమె పగుల్లోకి తొంగి చూసింది. తల్లికుందేలు పొట్ట కింద, రాలిన బొచ్చు మీద, అరచేతిలో పట్టేంత పిల్లలు రెండు.

"వీటికోసమా ఇక్కడుండిపోయావు?"

"కుక్క పైకొస్తుంటే చూశాను. భయమేసింది."

"నీకా?"

"వాటి గురించి. నాకెప్పుడూ ఉండేదేగా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని కిందికి దింపింది.

ఊరి మొదట్లోనే లెబోనా ఎదురొచ్చాడు. "నా కుక్క అలా వణికిపోతోందేంటి వదినా? పైన ఏముంది?"

"ఏదో ఉంది," అంది మాపులెంగ్ గొంతు తగ్గించి. "నేను కళ్లారా చూశాను. కొన్నాళ్లు ఎవరూ అటు వెళ్లకండి, కుక్కల్నీ కట్టెయ్యండి."

లెబోనా కొండవైపు చూసి గుటక మింగాడు.

మొఖేతి తన భార్య వెనక్కి జరిగి, ఆమె కంబళి అంచు పట్టుకున్నాడు.

"నిజంగానా?" అన్నాడు మెల్లగా. "ఏముంది పైన?"