సాగదీత మాస్టారు బిగించిన కొలత

మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తెరలు గీసే పెద్దాయన్ని అందరూ సాగదీత మాస్టారు అంటారు. ఒక భాషలో రెండక్షరాల మాట మరో భాషలో రెండు వరుసలవుతుంది కనుక, తెర మీది ప్రతి పెట్టె లోపలి మాటను బట్టి సాగాలి, ముడుచుకోవాలి అన్నది ఆయన సిద్ధాంతం. పెట్టెకు కొలత బిగించినవాడికి ఆయన దృష్టిలో మోక్షం లేదు.

సాగుతున్నాయో లేదో చూడ్డానికి పెట్టెల్లో ఉత్తుత్తి వాక్యాలు నింపుతాం. మాస్టారు తన భార్య మాటలు నింపేవారు. "ఆవిడ వాక్యం పట్టిందంటే లోకంలో ఏ భాషైనా పడుతుందయ్యా" అనేవారు.

ఆవిడ పోయి ఏడాదైనా, పాత తెరలు తెరిస్తే ఎక్కడో ఒకచోట ఆవిడ గొంతు పలకరించేది. చప్పున మూసేసేవాళ్లం. చివరికి బయటి నుంచే ఫిర్యాదు వచ్చింది. టికెట్టు తీసుకునే తెర మీద "సరే" అని ఉండాల్సిన చోట "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, ఆ తెర ముందు నుంచి లేస్తారా, లేవరా?" అని ఉందట.

"తీసెయ్యండి మాస్టారూ, జనం జడుసుకుంటున్నారు" అంది మేనేజరమ్మ.

ఆయన తీసేసి "సరే" అని కొట్టారు. ఆయన నేర్పిన విద్యే కదా, పెట్టె బుద్ధిగా ముడుచుకుపోయింది, అక్కడ ఎవరూ ఎన్నడూ మాట్లాడనట్టే.

మాస్టారు దాన్ని మళ్లీ ఆవిడ వాక్యమంత పొడవుకు లాగి, జీవితంలో మొదటిసారి కొలత బిగించేశారు.

"అంత ఖాళీ ఎందుకండీ?" అన్నాను.

"ఉండనీవయ్యా. మళ్లీ ఏమైనా అంటే పట్టొద్దూ?"