ఎండలో నిలబడ్డ జనం

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో వీరవెంకటసత్యనారాయణ అంటే ఎవరికీ తెలియదు. సత్యంగారంటే మాత్రం తెలియని తెలుగిల్లు లేదు. బ్యాంకులో ప్రాజెక్టులు నడపడం అతని ఉద్యోగం. పిల్లలు పనులకు వెళ్లిపోయాక ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చునే పెద్దవాళ్ల కోసం రెండేళ్లు నగర కౌన్సిల్ చుట్టూ తిరిగి, పార్కు పక్కన మూతపడ్డ చిన్న హాలు సాధించాడు. ఆఫీసుకు వెళ్తూ తనే తెరిచేవాడు, తిరిగొస్తూ తనే మూసేవాడు.

తెనాలి నుంచి కూతురి దగ్గరికొచ్చిన సీతారావమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"మా ఇల్లు ఇక్కడికి రెండడుగులు. తాళం నా దగ్గరుంచు బాబూ."

"మీకెందుకు ఆంటీ శ్రమ? హాయిగా కూర్చోండి. నేను చూసుకుంటాగా!"

అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ జనవరిలో ఒక రోజు నలభై మూడు డిగ్రీల ఎండ కాసింది. ఉదయాన్నే కరెంటు పోయి ఇళ్లలో ఏసీలు ఆగిపోయాయి. జనరేటరున్న హాలులో చల్లగా ఉంటుందని పెద్దవాళ్లు దాని ముందు చేరారు. ఆఫీసులో ఏదో సిస్టమ్ కూలిందని సత్యం తెల్లవారకముందే బయల్దేరాడు. తొమ్మిదికల్లా వచ్చి హాలు తెరవొచ్చనుకున్నాడు. మీటింగు తెగలేదు. ఫోను బ్యాగులో మూగగా పడి ఉంది. అతను వచ్చేసరికి ఒంటిగంట. హాలు ముందు అంబులెన్స్ ఆగి ఉంది. మెట్ల మీద సొమ్మసిల్లిన సీతారావమ్మ రెండు రోజులకు ఆసుపత్రిలో పోయింది.

కూతురు అమూల్య ఒక్క మాట అనలేదు. "మా అమ్మకి మీరంటే ఎంతో ఇష్టం సత్యంగారూ" అంది. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు.

అప్పటి నుంచి పట్టపగలే అతనికి ఎవరో తలుపు తడుతున్న చప్పుడు వినిపించేది. మీటింగు మధ్యలో లేచి అద్దం తలుపు తీసి చూసేవాడు. నడవా ఖాళీగా ఉండేది. హాలు మళ్లీ తెరవలేదు.

ఆఫీసులో అతను అలా లేవడం గమనించింది రూత్. రిటైర్మెంటుకు దగ్గరపడిన యూదు సహోద్యోగి ఆమె. ఒకరోజు క్యాంటీన్‌లో అడిగితే సత్యం అంతా చెప్పేశాడు. ఆమె ఓదార్చలేదు.

"మా ధర్మగ్రంథంలో ఒక కథ ఉంది" అంది. "ఎడారిలో మా పూర్వుల నాయకుడు మోషే ఒక్కడే కూర్చుని అందరి తగవులూ తీరుస్తుంటాడు. మామగారు చూడ్డానికొచ్చి, ఇది మంచి పద్ధతి కాదు, నమ్మకమైనవాళ్లను ఎంచి పని పంచు అంటాడు. మా గుడి కమిటీలో ఎప్పుడూ ఇదే చెబుతారు, నాయకుడు అలసిపోకూడదని. నా కళ్లు మాత్రం ఇంకోచోట ఆగుతాయి. మోషే కూర్చుని ఉన్నాడు. జనం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉన్నారు."

సత్యం చేతిలో టీ చల్లారిపోయింది. ఇన్నాళ్లూ తన అలసటే చూసుకున్నాడు. దానికి సేవ అని పేరు పెట్టుకుని మురిసిపోయాడు.

ఆ ఆదివారం అందర్నీ హాలుకు పిలిచాడు. "ఆ రోజు తాళం నా జేబులో ఉంది. ఆంటీ అడిగినా ఇవ్వలేదు. తప్పు నాది" అన్నాడు.

ఆ రోజు సీతారావమ్మ పక్కనే నిలబడ్డ రత్నకుమారి మెల్లగా లేచింది.

"నీకు తెలియంది ఒకటి చెప్తాను బాబూ. లైబ్రరీకి పోదాం, అక్కడ ఏసీ ఉంటుందని నేనన్నాను. ఆవిడ కదల్లేదు. సత్యం వస్తాడు, వచ్చినప్పుడు మనం లేకపోతే కంగారుపడతాడు, అంది."

సత్యం కుర్చీలో కూర్చుని ఏడ్చేశాడు.

"ఏడిస్తే ఏం లాభం? పని పంచు" అంది రత్నకుమారి.

పంచాడు. తాళాలు ఐదుగురికి, వీధికొకరు చొప్పున ఇచ్చాడు. వేడి ముదిరితే ఎవరు ఎవరింటి తలుపు తట్టాలో వాళ్లే రాసుకున్నారు. సత్యానికి బుధవారం కుర్చీలు సర్దే పని ఇచ్చారు. మొదట్లో అన్నిటికీ అడ్డుపడబోయేవాడు. రత్నకుమారి చేయెత్తితే ఆగిపోయేవాడు.

మరుసటి ఏడాది ఎండలకు మళ్లీ కరెంటు పోయింది. సాయంత్రం ఇంటి ముందు కారాపినప్పుడు రత్నకుమారి వచ్చి చెప్పేదాకా అతనికి తెలియలేదు. ఎనిమిదికే హాలు తెరిచారట, పద్దెనిమిది మంది వచ్చారట, మనవలతో సహా అందరూ క్షేమమట. ఎవరూ అతనికి ఫోను చేయలేదు. అవసరం పడలేదు.

సంతోషించాల్సిన మాటే. సత్యానికి మాత్రం కారులోంచి దిగబుద్ధి కాలేదు. ఇంత తేలికైన పని, ఆంటీ అడిగినప్పుడే తాళం ఇచ్చి ఉంటే సరిపోయేది.