మాస్టరు జేబులో రీడు

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ బ్యాండులో చేరిన రోజు నన్ను పలకరించిన మొదటి మాట ఇది: "అన్నా, రీడు ఇటియ్యి."

అడిగింది మా సూర్యాపేట బ్యాండుకు ఇప్పటి మాస్టరు, పాత మాస్టరుగారి కొడుకు. నేను వాయించేది క్లారినెట్. దాని మూతికి బిగించే సన్నటి రెల్లు బద్దే రీడు. అది తీసేస్తే క్లారినెట్‌కూ చేతికర్రకూ తేడా లేదు.

"రీడు ఇస్తే ఏం ఊదాలె?" అన్నాను.

"ఊదుడెందుకే? పాటంత బాక్సులల్ల నుంచి వస్తది. నడుమ నువ్వు ఊదితే గలీజైతది. పట్టుకొని వేళ్లు ఆడియ్యి, సాలు."

అప్పుడు చూశాను. ట్రాలీ ఆటో నిండా స్పీకర్లు, వెనకాల జనరేటరు, ముందు సీట్లో మాస్టరు కీబోర్డు. డప్పులవాళ్లు మాత్రం నిజంగా కొడతారు. మిగతావాళ్లు బంగారు జరీ కుట్టిన ఎర్ర కోట్లు తొడుక్కుని, బుగ్గలు ఉబ్బించి నడుస్తారు. పొరపాటున కూత రాకుండా ట్రంపెట్లలో గుడ్డలు కుక్కారు. పైన పటారం, లోన లొటారం. మా కాలంలో పాత మాస్టరుగారు ఒక్క స్వరం తప్పితే అందరి ముందూ చెవి మెలిపెట్టేవారు. వీళ్ల చెవులు మెలిపెట్టినా దండగే అనుకున్నాను.

అందరికంటే ఎక్కువ అసహ్యం వేసింది నా పక్కన నడిచే ట్రంపెట్ ఆయన మీద. పెన్‌పహాడ్ దగ్గర తండా ఆయనది, వ్యవసాయం. నా వయసే ఉంటుంది. ట్రంపెట్‌లో చిరిగిన బనీను ముక్క కుక్కుకుని, లేని పాటకు కళ్లు మూసుకుని తల ఊపేవాడు. సిగ్గులేని మనిషి అనుకున్నాను. మేళం అయ్యాక తిరిగి తీసుకునేట్టు మాస్టరుకు ఒక రీడు ఇచ్చి, ఇంకొకటి జేబులో దాచుకున్నాను.

నేను పొట్టకోసం వాయించినవాణ్ణి కాదు. ఇష్టంకొద్దీ వాయించాను. మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తా పని దొరికాక మానేశాను. మానేసిన నాటినుంచీ మిల్లులో తోటివాళ్లకు నా క్లారినెట్ గురించి చెప్పని రోజు లేదు. నేను వాయిస్తుంటే వడ్డిస్తున్నవాళ్లు గరిటెలు ఆపేవాళ్లని చెప్పేవాణ్ణి. విని విని విసిగిపోయిన మా క్యాషియర్ ఈమధ్య అన్నాడు: "ఓనరు ఇంట్ల పెండ్లికి సూర్యాపేట బ్యాండే వస్తుందంట. నువ్వు గూడ రారాదు? ఒక్కసారన్నా ఇంటం." అందుకే మళ్లీ చేరాను. ఆ పెళ్లిలో వాయించి వాళ్ల నోళ్లు మూయించాలి. నాకు కావలసింది అంతే.

దానికి ఇంట్లో నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాలు ఊదాను. ఈత వచ్చినవాడు మరిచిపోతాడా అనుకుని పెట్టె మూశాను.

ఓనరుగారింటి పెళ్లికి వారం ముందు కోదాడలో ఒక పెళ్లి ఒప్పుకున్నారు. పొద్దున్నే ఎదుర్కోలు. మగపెళ్లివారిని ఫంక్షన్ హాలుకు తీసుకుపోతుంటే నడిరోడ్డు మీద జనరేటరు ఆగిపోయింది. పాట మధ్యలో తెగింది. మాస్టరు కీబోర్డు మెట్లు నొక్కుతున్నాడు, చెమటలు కక్కుతున్నాడు. ఆడపెళ్లివారి పెద్దాయన ఒకాయన ముందుకొచ్చాడు.

"ఏమయ్యా, మేళం ఆపారేంటి? పెళ్లికొడుకు ఎండలో నిలబడ్డాడు. అన్నీ చేతుల్లోనే ఉన్నాయిగా, వాయించండి!"

నా గుండె పొంగింది. అబద్ధమెందుకు, ఆ జనరేటరుకు మనసులో దండం పెట్టుకున్నాను. జేబులోంచి రీడు తీసి బిగించి, అందరికంటే ముందుకు నడిచి ఊదాను.

కీచుమంది. మళ్లీ ఊదాను. పెదవి చివరనుంచి గాలి పోయింది, గాలితో పాటు ఉమ్మి పోయింది. మూడోసారి ఒక స్వరం పలికి, సగంలోనే చచ్చింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెళ్లికొడుకు కూడా నవ్వాడు.

అప్పుడు ట్రంపెట్ ఆయన బనీను ముక్క లాగి భుజాన వేసుకున్నాడు. మూతి తుడుచుకుని, తెగిన పాటను తెగిన చోటే అందుకున్నాడు. ఎక్కడా వణుకు లేదు. డప్పులు కలిశాయి. ఇంకో ఇద్దరు గుడ్డలు లాగేశారు. పెళ్లికొడుకు హాలు మెట్లెక్కేదాకా వాళ్లే వాయించారు. నేను వెనక నడిచాను.

తిరుగు ప్రయాణంలో ఎవరూ అడగకుండానే, "రీడు పాతదైంది, ఎండిపోయింది," అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టే. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఉండబట్టలేక ట్రంపెట్ ఆయన్ని అడిగాను, ఎట్లా వాయించావని.

"ఎట్లేందన్నా? రోజు పొద్దుగాల చేనుకాడ ఊదుత. గుడ్డ పెండ్లోళ్ల కోసం పెడ్త, నాకోసం గాదు." మెల్లగా అన్నాడు: "నువ్వు గూడ రోజు ఊదు. రెండు నెలలల్ల పెదవి దారికొస్తది."

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఆయన్ని ఇంకా అసహ్యించుకున్నాను.

ఆ వారమంతా పెట్టె తెరవలేదు. మిర్యాలగూడ పెళ్లిరోజు మాస్టరు అడగకముందే రీడ్లు రెండూ ఆయన జేబులో వేశాను.

"రెండెందుకే?" అన్నాడు.

"ఉండనీ."

ఊరేగింపు మిల్లు ముందుకు వచ్చింది. మావాళ్లంతా గేటు దగ్గర నిలబడ్డారు. స్పీకర్లలో క్లారినెట్ హోరెత్తింది. నేను బుగ్గలు ఉబ్బించాను, వేళ్లు ఆడించాను, కళ్లు కూడా మూశాను. పాట అయిపోగానే క్యాషియర్ పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు.

"మాఫ్ చెయ్యన్నా. ఇన్నేండ్లు నువ్వు గప్పాలు కొడ్తున్నవనుకున్న. గింత మంచిగ వాయిస్తవనుకోలే!"

పాట తెలియనివని ఇరవై ఏళ్లుగా నేను చులకన చేసిన మిల్లువాళ్ల చెవులే ఆ రోజు నా పరువు కాపాడాయి.

"ఏదో, పాత అలవాటు," అన్నాను.

పక్కనే నిలబడ్డ ట్రంపెట్ ఆయన ఆ మాట విన్నాడు. బనీను ముక్కను ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు.