కోయ్ అనే గొంతు కోసం

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం వెక్కిరింతకు అంటాం. లెసోతో కొండల్లో అది వెక్కిరింత కాదు, ఆచారం. కొత్తకోడలు గడపలో కాలు పెట్టగానే అత్తగారు పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టేసి, ఆ బిడ్డ తల్లి అని కోడల్ని పిలుస్తుంది. లిపువోకి అలా మాన్యాకల్లో అనే పేరు వచ్చింది. అంటే న్యాకల్లో వాళ్ళమ్మ. న్యాకల్లో అంటే సంతోషం. అత్తగారు కాలం చేసింది, లిపువో జుట్టు నెరిసింది, న్యాకల్లో మాత్రం రాలేదు. ఊరు ఊరంతా ఆమెను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తుంది, పాపం ఎవరి మనసులోనూ చెడు లేదు. పుట్టింటి పేరుతో పిలిచేవాళ్ళు మిగల్లేదు కాబట్టి కథలోనైనా ఆమెను లిపువో అనే అందాం.

లిపువో బడిపంతులమ్మ. ఆ ఏడు సెలవులు ఇవ్వకముందే మంచు ముంచుకొచ్చి దారులు మూసుకుపోయాయి. బడికి తాళం పడింది. పిల్లలు కొండకొకరుగా ఇళ్ళలో చిక్కుకున్నారు. పిల్లల గోల లేకపోతే లిపువోకి అన్నం సయించదు. అందుకే తరగతి కోసం పాడ్‌కాస్ట్ చేస్తానంది. పాడ్‌కాస్ట్ అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. గడ్డికప్పులో గాలి ఈలలు వేస్తుంది కాబట్టి తలమీదుగా ఉన్ని దుప్పటి కప్పుకుని, ఫోనులో పాఠం చెప్పి, తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడమే.

"దుప్పట్లో ఎవడితోనే ఆ గుసగుసలు?" అన్నాడు మొగుడు మొలెఫి. గొర్రెల ఉన్ని కత్తిరించే మనిషి, నోరు కూడా ఆ కత్తెరలాగే ఆడుతుంది.

"భిన్నాలతో. నీకు సగమూ తెలీదు, పావూ తెలీదు. పోయి పొయ్యిలో పిడకలు వెయ్యి."

భిన్నాలు పంపింది, నదుల పాఠం పంపింది. ఒక్కరూ పలకలేదు. గోడకు చెప్పుకున్నా నయమే అనిపించింది. సరే, పాఠాలకు పలకనివాళ్ళు కథకు పలకరా అనుకుంది.

అక్కడ కథకు రెండు కట్టుబాట్లున్నాయి. పొద్దుండగా చెప్పకూడదు, చెబితే తలమీద కొమ్ములు మొలుస్తాయి. రెండోది, చెప్పేవాళ్ళు "ఒకప్పుడు ఉండేదట" అని ఆగాలి. వినేవాళ్ళు నాలుకను టక్కున మోగించి "కోయ్!" అనాలి. మనం ఊఁ కొట్టినట్టే, కాకపోతే మొదట్లోనే కొట్టాలి. ఎవరూ అనకపోతే కథ అడుగు ముందుకు వెయ్యదు.

పొద్దు గుంకాక దుప్పటి కప్పుకుంది లిపువో. "ఒకప్పుడు ఉండేదట" అని ఆగింది. ఎవరంటారు? ఫోనంటుందా? అనకుండా కథ చెప్పడానికి నోరు రాలేదు. అదొక్కటే కాదు. ఏళ్ళ తరబడి, మొలెఫి ఇంట్లో లేని సాయంత్రాల్లో జొన్నసంకటి కలుపుతూ ఆమె ఈ మాట అని ఆగేది. ఎవరి కోసం ఆగేదో ఎవరికీ చెప్పలేదు. ఆ అలవాటుకే ఇప్పుడు నోరు జారింది.

"న్యాకల్లో, అనవే నా తల్లీ. అమ్మ ఆగింది చూడు."

అనేశాక తెలిసొచ్చింది, ఇది తరగతంతా వినే మాట. చెరిపేద్దామని వేలు పక్కకు జరపబోయింది. ఆ ఫోనులో బొత్తాం నొక్కిపట్టినంతసేపూ మాట ఎక్కుతుంది, వేలు లేస్తే చాలు వెళ్ళిపోతుంది. చలికి కొయ్యబారిన వేలు పక్కకు జరగలేదు, పైకి లేచింది. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, చూసుకోలేదు. సిగ్నల్ కాస్త నిలిచే కిటికీలో ఫోను పెట్టి వెళ్ళిపోయింది.

తెల్లారాక చూస్తే పిల్లల ఇళ్ళ ఫోన్లలో ఊళ్ళో సగంమంది వినేశారు. నేల చీలి తనను మింగేస్తే బాగుండనిపించింది. రేపు బడి తెరిస్తే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అంతలో ఫోను వరసగా మోగడం మొదలెట్టింది. మొదటిది నొక్కింది.

గొర్రెల గంటల మధ్యనుంచి ఒక కుర్రాడి గొంతు. "కోయ్! చెప్పండమ్మా, ఇక్కడ చలికి చస్తున్నాం. నిన్న సాయంత్రమే అన్నాం, పంపడానికి సిగ్నల్ కోసం ఇప్పుడు గట్టు ఎక్కాం. పగలు అన్నందుకు కొమ్ములు రావు కదా?"

ఇంకొకటి. ఒక పిల్ల, వెనక వాళ్ళమ్మ, ఆ వెనక ముసలమ్మ కలిసి "కోయ్!" అన్నారు. మరొకటి, ఇంకొకటి. చివర్లో సెనాతె గొంతు వచ్చింది. తరగతిలో అందరికన్నా వాగుడుకాయ.

"అమ్మా, న్యాకల్లో మన క్లాసులో లేదు కదా? ఉంటే నాకు తెలిసేది. తను పలక్కపోతే పోనీలెండి, మేం పలుకుతాం. మా చెల్లి కూడా అంటుందట. అనవే పొలో, అను!"

కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత, నాలుక మోగించడం ఇంకా చేతకాని చిన్న గొంతు, "తోయ్!" అంది.

లిపువో అది మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. ఏడుస్తోందని ఆమెకే తెలీదు.

మొలెఫి గుమ్మంలో జావ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో. ఇంత అందితే అంత అల్లే మనిషి, గిన్నె కింద పెట్టాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు.

పెట్టింది.

"మనదీ పుట్టి ఉంటే మొదట్లో అలాగే అనేది" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆ బిడ్డ మాట ఎత్తడం అదే మొదలు. నీకూ ఉందా ఈ బాధ అని అడగబోయి, అతని మొహం చూసి మళ్ళీ ఆ గొంతే పెట్టింది.

ఆ సాయంత్రం పొద్దు గుంకాక దుప్పటి కింద ఇద్దరూ దూరారు. లిపువో బొత్తాం నొక్కిపట్టి "ఒకప్పుడు ఉండేదట" అంది. గట్లమీద పిల్లలకు కోయ్ అనడానికి కాస్త చోటు వదలాలి కదా, ఆగింది. మొలెఫి కూడా నోరు విప్పలేదు. ఇద్దరూ ఒక్కరి కోసమే ఆగారు. తర్వాత ఆమె కథ మొదలుపెట్టింది.