గన్నేరు తిన్న గుర్రం

మొన్న పొద్దున సుబేదారి నుంచి వస్తుంటే రోడ్డు మధ్య డివైడర్‌లో గన్నేరు చెట్లు కత్తిరిస్తున్నారు. కొమ్మలను ట్రాలీలోకి ఎత్తుతున్న ఒకామెను చూసి స్కూటర్ ఆపాను. "ఇవి ఏడ పారబోస్తరమ్మా? పశువులు తిరిగే కాడ ఏయకుండ్రి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గామాత్రం మాకు తెల్వదా సార్?" అంది. తెలిసే ఉంటుంది. తెలియంది నాకే. అరవై దగ్గర పడ్డాక, అదీ ఒక గుర్రం వల్ల తెలిసింది.

మట్టెవాడలో మాది బట్టల దుకాణం. గుర్రాలతో మా వంశంలో ఎవరికీ పొత్తు లేదు. మా చిన్నోడి పెళ్లి బరాత్‌కు తెచ్చిన తెల్ల పొట్టి గుర్రం ఊరేగింపు మధ్యలో మిఠాయి దుకాణం ముందు ఆగి, కదలనంటే కదలనంది. బ్యాండు వాళ్లు అదే పాట నాలుగుసార్లు వాయించారు. చివరికి మా ఆవిడ లడ్డూ తినిపిస్తే కదిలింది. "ఇగ దీనితోని నాతోని కాదు సేటూ" అని దాని ముసలి యజమాని చేతులెత్తేస్తే, ఏ బుద్ధి పుట్టిందో గానీ నేను తెచ్చుకున్నాను. హసన్‌పర్తిలో మా ఇంటి వెనక జాగా ఖాళీగానే ఉంది. "ఇంట్ల మొండోళ్లు తక్కువైన్రని దీన్ని తెచ్చిన్రా?" అంది మా ఆవిడ. అని, మర్నాటి నుంచి దాని నీళ్ల తొట్టి తనే కడిగేది.

పక్కిల్లు టీచరక్కది. బయాలజీ చెప్పి రిటైరయ్యారు. వానకు కూలిన గోడ సందులోంచి గుర్రం మెడ చాపితే క్యారెట్ పెట్టి, పేపర్లోని వార్తలు చదివి వినిపించేవారు. అది శ్రద్ధగానే వినేది.

ఒకరోజు పొద్దున గుర్రం గడ్డి ముట్టలేదు. ఒళ్లంతా చెమట, చెవులు చల్లగా ఉన్నాయి. మాటిమాటికీ మెడ తిప్పి కడుపు వైపు చూసుకుంటోంది. పాత యజమానికి ఫోన్ చేస్తే "కడుపునొప్పి అయ్యుంటది, జర నడిపియ్యి" అన్నాడు. పెరట్లో రెండు చుట్లు తిప్పాను. మూడో చుట్టుకు దాని కాళ్లు వణికాయి. పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చింది. మా కోడలి వయసుంటుంది. స్టెతస్కోప్ ఆనించి, వాచీ చూస్తూ గుండె చప్పుడు లెక్కపెట్టింది. "అంకుల్, ఇది ఉత్త కడుపునొప్పి కాదు. గుండె ఒకసారి ఉరుకుతాంది, ఒకసారి ఆగుతాంది. ఏం తిన్నది?"

"గడ్డి, దాణా. ఇంకేం పెట్టలే" అని ఒట్టు వేశాను.

గోడ అవతల నిలబడి వింటున్న టీచరక్క గబగబా వెళ్లి, వాడిపోయిన గన్నేరు కొమ్మ ఒకటి పట్టుకొచ్చారు. "మొన్న చెట్లు కొట్టించి గోడ పక్కకే కుప్పేయించిన. ఇప్పుడు చూస్తే సగం కొమ్మలకు ఆకుల్లేవు" అన్నారు. కొమ్మ డాక్టరమ్మ చేతికిచ్చారు. "ఇది విషమని ముప్పై ఏండ్లు పిల్లలకు నేనే చెప్పిన తమ్మీ. పచ్చిది చేదు, ముట్టదనుకున్న. ఎండితే చేదు తగ్గి తింటదని యాదికి రాలే."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా డాక్టరమ్మ, "చెప్పి మంచి పని చేసిన్రు మేడం, లేకుంటే వేరే మందిచ్చేదాన్ని. ఇగ దీన్ని అడుగు గూడ నడిపియ్యకుండ్రి అంకుల్, గుండె తట్టుకోదు" అంటూ ముక్కులోంచి గొట్టం వేసి, నీళ్లలో కలిపిన బొగ్గుపొడి మందు కడుపులోకి పంపింది. బతుకుతుందా అని అడిగితే, "మూడు రోజులు దాటితే ఫికర్ లేదు" అంది. నేను తిప్పిన ఆ చుట్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

టీచరక్క కుర్చీ తెచ్చుకుని గుర్రం పక్కనే కూర్చున్నారు. చెవులకు డాక్టరమ్మ ఇచ్చి వెళ్లిన స్టెతస్కోప్, ఒళ్లో నోటు పుస్తకం. గంటకోసారి నిమిషం పాటు గుండె చప్పుడు లెక్కపెట్టి, రాసుకుని, డాక్టరమ్మకు ఫోన్లో చెప్పేవారు. మొదటి రోజు నేను ఆమె వైపు చూడకుండానే గుర్రానికి నీళ్లు పెట్టి వచ్చాను. రెండో రోజు మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "అంత పెద్దామె తప్పు ఒప్పుకున్నది. జిందగీల మీరెప్పుడన్న ఒప్పుకున్నరా?" టీ గ్లాసు నేనే పట్టుకెళ్లాను. "జర తాగుండ్రి అక్కా. మీరు చెప్పకపోతే ఇది నిన్ననే పోయేది" అన్నాను. ఓదార్చడానికి కాదు, నిజమే అది. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని స్టెతస్కోప్ నా చెవులకు తగిలించారు. "విను తమ్మీ, ఇయాల జర సక్కగ కొట్టుకుంటాంది." విన్నాను. ఒక చప్పుడు, దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి వస్తుందా అని ఊపిరి బిగబట్టడం, అది రావడం.

మూడో రోజు మధ్యాహ్నం గుర్రం మెడ చాపి ఆమె ఒళ్లోని నోటు పుస్తకం అట్ట కొరికింది. ఆమె లాక్కోలేదు. నవ్వుతూనే ఏడ్చారు. మా ఆవిడ గుప్పెడు పచ్చగడ్డి తెచ్చి పెడితే అది అట్ట వదిలి గడ్డి అందుకుంది.

గన్నేరు చెట్లు వేళ్లతో సహా తీయించి, ఆమె అక్కడ తోటకూర వేసుకున్నారు. అందులో సగం ఇప్పుడు గుర్రమే తింటోంది. దుకాణంలో గడిచిన ఏళ్లన్నీ ఎటు పోయాయో అడిగితే నేను చెప్పలేను. కానీ ఆ మూడు రోజుల్లో నిమిషం ఎంత పొడుగుంటుందో చూశాను; నా బతుకులో ప్రతి నిమిషమూ అంత పొడుగుదే, ఆగి వినడమే ఆలస్యమైంది.